డ్రయర్‌లో అన్నం మెతుకు

హైదరాబాద్‌లో ఎండకు కరువొచ్చిందని నా సర్వీసు మొత్తంలో ఎవరూ అనగా వినలేదు. వేసవిలో ఉప్పల్ రింగు రోడ్డు పక్కన బండి ఆపి, సీటు మీద తడి తువ్వాలు పరిచి టీ తాగి వస్తే, అది అప్పడంలా బిగుసుకుని ఉంటుంది. అలాంటి ఊళ్ళో బట్టలారబెట్టే మిషన్లు అమ్ముతామని, వాటి రిపేరు నేర్చుకోవడానికి ఒకరు ట్రైనింగుకు వెళ్ళాలని మా మేనేజరు చెప్పినప్పుడు నేను నవ్వాను. నవ్వినందుకు నన్నే పంపించాడు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, ఏసీలు బాగుచేసి బాగుచేసి, చివరి కొన్నేళ్ళు ఈ డ్రయర్ల వెంట తిరిగి రిటైరయ్యాను. ఎన్నో ఇళ్ళు, ఎన్నో మిషన్లు. చాలావరకు మర్చిపోయాను. నాచారం డ్రయర్ మాత్రం గుర్తుంది, ఎందుకంటే ఆ మిషన్ గురించి మేము చెప్పే మాట మీద ఒక కుటుంబం బతుకుతెరువు ఆధారపడింది. ఇలాంటిది మీకూ ఒకనాడు ఎదురవుతుంది. ఎవరూ ముందుగా చెప్పరు.

మా సర్వీస్ సెంటరు ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ల పక్క గల్లీలో, ఒక ఫంక్షన్ హాలు వెనకాల ఉండేది. పెళ్ళిళ్ళ రోజుల్లో బ్యాండు మోతకు కస్టమర్ ఫోన్లో చెప్పేది ఒక్క ముక్క వినపడేది కాదు. దానివల్ల పనికేమీ నష్టం రాలేదు. కస్టమర్ చెప్పేది వినే అలవాటు మాకు మామూలు రోజుల్లోనూ లేదు.

మా మేనేజరు కుర్రవాడు. స్క్రూడ్రైవరు ఎటువైపు పట్టుకోవాలో తెలియకపోయినా మనిషిని ఎటువైపు తిప్పాలో బాగా తెలుసు. వారంటీ ఉన్నంతకాలం మిషన్‌కి తప్పులుండవనేది ఆయన సిద్ధాంతం. "మిషన్ ఖరాబైందని రాస్తే పార్ట్ మనం ఇయ్యాలె. కస్టమర్‌కు వాడుడు రాదని రాస్తే, ఒక క్లాస్ చెప్పి వస్తే అయిపోతది" అనేవాడు. దానికి ఆయన పెట్టిన పేరు కస్టమర్ ఎడ్యుకేషన్. ఇక విడిభాగాల కౌంటరులో ఒక సీనియరు ఉండేవాడు. ఏ మిషన్‌కి ఏ రోగమొచ్చినా ఆయన ఒక్కటే మాట అనేవాడు: "వోల్టేజీ". తన మోకాళ్ళ నొప్పి గురించి కూడా అదే అనేవాడని చెప్పుకునేవాళ్ళం. ఈ ఇద్దరి మధ్య నేను చాలా విద్య నేర్చుకున్నాను. అందులో సగం మర్చిపోవడానికి ఈ కేసు కావలసి వచ్చింది.

నాచారంలో ఒకప్పుడు ఫ్యాక్టరీ ఉన్న జాగాలో పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. కాపురం ఉండేవాళ్ళలో సగం మంది కంప్యూటరు ఉద్యోగులు. మిగతా సగం ప్రభుత్వ సంస్థల్లో ఇంజనీర్లుగా, సైంటిస్టులుగా, రైల్వే అధికారులుగా చేసి రిటైరైనవాళ్ళు. సర్వీసులో ఉన్నప్పుడు దేశానికి పెద్ద పెద్ద యంత్రాలు చేసిపెట్టిన చేతులవి. రిటైరయ్యాక వాళ్ళకు దక్కినవి లిఫ్టు, జనరేటరు, నీళ్ళ మోటారు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సబ్‌కమిటీ ఉండేది. మోటారు కాలిపోతే దాన్ని బాగుచేయడం కంటే ఎందుకు కాలిందో నివేదిక తయారుచేయడానికి ఎక్కువ సమయం పట్టేది. అందాకా ట్యాంకరు నీళ్ళు.

అసోసియేషన్ ప్రెసిడెంటు జనరల్ మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మనిషి మంచివాడే. కాకపోతే ఆఫీసు నుంచి ఆయన రిటైరయ్యారు గాని ఆయన నుంచి ఆఫీసు రిటైర్ కాలేదు. ఎప్పుడు చూసినా తెల్లటి నూలు చొక్కా, కత్తి అంచులాంటి మడత. సోఫాలో కూర్చుంటే ముందు ఆయన కూర్చునేవారు, చొక్కా కాస్త ఆలోచించి తర్వాత కూర్చునేది.

ఆ అపార్ట్‌మెంట్లలో డ్రయర్లు రావడానికి ఆయన చేయించిన తీర్మానమే కారణం. ఎవరో ఫ్లాటు కొనడానికి వచ్చి, తలెత్తి చూసి, బాల్కనీల్లో వేలాడే లంగాలు, తువ్వాళ్ళు గమనించి, బేరం తగ్గించి అడిగారట. వెంటనే మీటింగు పెట్టారు. బాల్కనీలో దండెం కనపడకూడదు, ఎలివేషన్ పాడవుతోంది అని ఏకగ్రీవంగా తీర్మానించారు. మేడ మీద వేద్దామంటే అక్కడ సోలార్ పలకలు పరిచి తాళం వేసేశారు. ఊరంతా ఎండ విరగకాస్తుంటే ఆ జనమంతా ఇళ్ళలో కరెంటు పెట్టి బట్టలారబెట్టుకోవడం మొదలుపెట్టారు. మా మేనేజరు ప్రెసిడెంటు గారికి స్వీటు డబ్బా పంపించాడు.

మొదటి ఫిర్యాదు ప్రెసిడెంటు గారి ఇంటి నుంచే వచ్చింది. బట్టలు పూర్తిగా ఆరకముందే మిషన్ ఆగిపోతోందని. నేను వెళ్ళాను. ఆయన నన్ను మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి, అది ఎలా పనిచేస్తుందో నాకు వివరంగా చెప్పారు. చాలావరకు సరిగ్గానే చెప్పారు. ఈలోపు ఆయన భార్య కాఫీ తెచ్చి ఇచ్చి, "అది కాదు బాబూ, నేను అందులో..." అని ఏదో మొదలుపెట్టింది. ఆయన మాట ఆపకుండానే చెయ్యెత్తారు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. డ్రయర్ డ్రమ్ము మూతి దగ్గర రెండు సన్నని లోహపు పట్టీలుంటాయి. తడిబట్ట వాటిని తాకుతూ ఉంటే ఇంకా తడి ఉందని మిషన్‌కి తెలుస్తుంది. తాకిడి తెలియకపోతే బట్టలు ఆరిపోయాయనుకుని ఆగిపోతుంది. ఆ పట్టీల మీద మసకగా ఏదో పొర కట్టి ఉంది. బట్టలు మెత్తబడటానికి పోసే లిక్విడ్ ఏదో వాడుతున్నారనుకున్నాను.

"మెత్తదనం లిక్విడ్ ఏమన్నా పోస్తున్నరా సార్?" అని అడిగాను.

"మా ఇంట్లో అలాంటివేమీ వాడమండీ. సబ్బు పొడి, నీళ్ళు. అంతే" అన్నారాయన. జీవితంలో బట్టల బకెట్టు ముట్టుకోని మనిషి మాత్రమే అంత ధీమాగా చెప్పగలడు.

పొర తుడిచాను, బట్టలు చక్కగా ఆరాయి. సెంటరుకు వచ్చి చెబితే కౌంటరు సీనియరు "వోల్టేజీ" అన్నాడు. కొన్నాళ్ళకే మిషన్ మళ్ళీ తడిబట్టలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈసారి ఆయన కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు. అక్కడి అమ్మాయి తన ముందున్న స్క్రీన్ మీద ఏది రాసి ఉంటే అది చదివింది: ఆటోమేటిక్ వద్దు, టైమరు పెట్టి వేడి ఎక్కువలో తిప్పండి అని. బట్టలు ఎండిపోయాయి. సమస్య తీరిందని మా లెక్కల్లో ఎక్కింది.

తర్వాత చొక్కాల మీద గోధుమరంగు మరకలు రాసాగాయి.

ఆ అపార్ట్‌మెంట్ల గేటు పక్కన, జనరేటరు షెడ్డుకు ఆనుకుని ఒక రేకుల నీడలో భార్యాభర్తలు ఇస్త్రీ చేసేవాళ్ళు. నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు. వెనకాల ఒక చిన్న గదిలోనే వాళ్ళ కాపురం. ఆయన బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తాడు, నోట్లోంచి మాట రాదు. ఆమె ఇంటింటికీ తిరిగి బట్టలు తెస్తుంది, ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది. డ్రయర్‌లోంచి వచ్చిన చొక్కా మీద మరక లేత పసుపురంగులో ఉండి ముడతల్లో కనపడదు. నీళ్ళు చల్లి వేడి పెట్టె నడిపాక ముదురుతుంది. మడత విప్పి తొడుక్కోబోయినప్పుడు బయటపడుతుంది. అప్పుడు ఎవరైనా ఎవరిని అనుమానిస్తారు?

ప్రెసిడెంటు గారు ఒక ఉదయం ఆ చొక్కా పట్టుకుని గేటు దగ్గరికే దిగివచ్చారు. పాలాయన, ఆటోలవాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు, అందరూ ఉన్న వేళ. "చొక్కా కాల్చి పారేశావు కదయ్యా! ఇది ఇస్త్రీ పెట్టా, పొయ్యా?" అని అరిచారు. ఇస్త్రీ ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అప్పటి నుంచి పెట్టెను ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, పాత పేపరు మీద ఒకసారి నడిపి చూసి, అప్పుడు చొక్కా మీద పెట్టేవాడు. అయినా మరకలు ఆగలేదు.

అసోసియేషన్ కోశాధికారి కంప్యూటరు ఉద్యోగి. చురుకైనవాడు. ఫోన్లో బుక్ చేస్తే వ్యాను వచ్చి బట్టలు పట్టుకెళ్ళే కంపెనీ ఒకటుందని, గేటు దగ్గర జాగా ఇస్తే వస్తామంటున్నారని చెప్పాడు. ఆదివారం మీటింగులో ఇస్త్రీవాళ్ళను ఖాళీ చేయించాలని అజెండా తయారైంది. ప్రెసిడెంటు గారు న్యాయం తప్పే మనిషి కాదు. అందుకని ముందుగా మిషన్‌ని పరీక్ష చేయించి, అది బాగానే ఉందని కంపెనీ వాళ్ళతో చెప్పించాలని నిర్ణయించారు.

మా మేనేజరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "చూడన్నా, కస్టమరే మిషన్ మంచిగుందని చెప్పమంటున్నడు. ఇట్లాంటి కస్టమర్ మళ్ళ దొరకడు. పో, మిషన్ ఓకే అని చెప్పి వచ్చెయ్" అన్నాడు. మిషన్ తప్పులేదని కంపెనీ అంటోంది. తన ఇంట్లో తప్పులేదని ప్రెసిడెంటు గారు అంటున్నారు. మిగిలింది ఇస్త్రీ ఆయన ఒక్కడే.

ఆదివారం నేను గేటు లోపలికి వెళ్తుంటే ఆమె బండికి అడ్డం నిలబడింది.

"అన్నా, మిషిని మంచిగుందని చెప్పెటందుకే వచ్చినవా?"

"చూడాలె కదా అక్కా, చూడకుండ ఎట్ల చెప్తం?"

"చూసేదేముంది, అంత అయిపోయింది. గీ జాగ పోతే మేం ఏడికి పోవాలె? పిల్లలిద్దరు గీ పక్క గల్లీ బడిలనే చదువుతున్నరు. నారపల్లి దాటి పోతే గని అర్ర కిరాయికి దొరకదు. ఆడ మాకు బట్టలెవరిస్తరు?"

"మరకలు ఎట్ల వస్తున్నయి మరి?"

ఆమె గొంతు తగ్గించింది. "నాకు తెల్వదన్నా. ఆయనకే తెల్వదు. తెల్లంగి చేతికిస్తే చాలు, వణుకుతున్నడు. రాత్రి లేసి కూసోని, నా చెయ్యే ఖరాబైందేమోనే అంటడు. పుట్టినకాడి నుంచి గదే పనిల ఉన్నోడు."

నాకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. పైకి మాత్రం, "చూస్త తియ్యి అక్కా" అన్నాను. సర్వీసు మనుషులం ఏ ఇంట్లోనైనా అనే మాటే అది. దానికి ఏ అర్థమూ లేదని ఆమెకూ తెలుసు.

ప్రెసిడెంటు గారి ఇంట్లో, వంటింటి వెనకున్న పనిగదిలో మిషన్ చుట్టూ కమిటీ సిద్ధంగా ఉంది. ఆయనతోపాటు ప్రయోగశాలలో చేసి రిటైరైన సైంటిస్టు గారు, రైల్వేలో రిటైరైన ఇంకొకాయన, కోశాధికారి. నిజానికి ఆ గదిలో నేనూ నా పనిముట్ల సంచీ పట్టడమే కష్టం. అందరం భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. రైల్వే ఆయన మోకాళ్ళ మీద వంగి మిషన్ అడుగుభాగం చూశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

హీటరు చూశాను, గాలి గొట్టం చూశాను, కరెంటు చూశాను. అన్నీ బాగున్నాయి. ప్రెసిడెంటు గారి ముఖం వెలిగింది. చివరికి తలుపు అంచున ఉండే జల్లెడలాంటి ఫిల్టరు బయటికి లాగాను. బట్టల నూగుతోపాటు అందులో ఒక చిన్న గింజలాంటిది ఇరుక్కుని ఉంది. వేయించినట్టు ఎర్రగా, గట్టిగా ఉంది.

అరచేతిలో వేసుకుని అందరికీ చూపించాను. సైంటిస్టు గారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, వెలుతురులోకి జరిపి చూశారు. "పాలిమర్‌లా ఉంది. వేడికి రంగు మారింది. ల్యాబ్‌కి పంపితే తేలిపోతుంది" అన్నారు. "ఎలుక తెచ్చి పెట్టుంటుందండీ. మా రైలు పెట్టెల్లో ఇలాంటివి ఎన్ని చూశానో" అన్నారు రైల్వే ఆయన. కోశాధికారి ఫోటో తీసి ఫోన్‌నే అడిగాడు. అది ఏదో విదేశీ పురుగు గుడ్డు కావచ్చని చెప్పింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? డ్రమ్ము సీలు నుంచి ఊడిన ముక్కయి ఉంటుందని గంభీరంగా అన్నాను.

కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉన్న ప్రెసిడెంటు గారి భార్య తొంగి చూసి, "అది అన్నం మెతుకండీ" అంది.



"మెతుకు డ్రయర్‌లోకి ఎలా వస్తుంది?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"గంజిలోంచి."

"గంజి ఎక్కడిది?"

"అన్నంలోంచి. ఇంకెక్కడి నుంచి వస్తుంది?" అని పళ్ళెం మిషన్ మీద పెట్టింది. "వార్చిన గంజి మీ చొక్కాలకు పెడతాను కదా. వడకట్టినా ఒకటీ అరా మెతుకు పోతుంది. జేబులో ఇరుక్కుంటుంది."

"నా చొక్కాలకు గంజి పెడతావా?"

ఆయన నిజంగానే అడిగారు. ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తొడుక్కుంటున్న చొక్కాల బిరుసు గుడ్డ నాణ్యత వల్ల వచ్చిందనుకున్నారాయన. తన హోదా వల్ల వచ్చిందనుకున్నారేమో కూడా.

"పెట్టకపోతే అలా నిలబడతాయా? ఇదివరకు బాల్కనీలో దండెం మీద వేసేదాన్ని, గంటలో ఫెళఫెళలాడేవి. దండెం వద్దని మీరే తీర్మానం చేశారు. మరి ఎక్కడ వెయ్యను? గంజి పిండేసి మిషన్లోనే వేస్తున్నాను."

"నాకు చెప్పొద్దూ?"

"ఈ బాబు మొదటిసారి వచ్చినప్పుడు చెప్పబోయాను. మీరు చెయ్యెత్తారు."

సైంటిస్టు గారు చటుక్కున కాఫీ అందుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అంత పెద్ద మిషన్‌ని ముక్కలు ముక్కలుగా పరీక్షించిన మేం, దాన్ని రోజూ వాడే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

జరిగిందేమిటో అప్పుడు తేలిపోయింది. గంజి పొర పట్టీల మీద పేరుకుంటోంది. తడి తెలియక మిషన్ ముందే ఆగిపోతోంది. కస్టమర్ కేర్ మాట విని టైమరు మీద వేడి పెంచి తిప్పేసరికి గంజి బట్ట మీదే మాడుతోంది. ఇదంతా నేను చెబుతుంటే కోశాధికారి అడ్డుపడ్డాడు. "థియరీ బాగుంది. కానీ మరకలు ఐరన్ వల్ల కాదని ప్రూఫ్ ఏది?" అన్నాడు. గేటు దగ్గర జాగా ఇస్తామని వ్యాను కంపెనీకి అప్పటికే మాటిచ్చేశాడని నాకు తర్వాత తెలిసింది.

అడగవలసిన ప్రశ్నే అడిగాడు. ఆవిడ పొద్దున్నే గంజి పెట్టి పిండిన చొక్కా ఒకటి బకెట్లో ఉంది. మిషన్లో వేశాం. వేడి ఎక్కువ, టైమరు. ఇస్త్రీ ఆయన్ని కూడా పిలవండని నేనే అన్నాను. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన చెప్పులు బయట విడిచి గుమ్మం అవతలే ఆగిపోయాడు. ఆమె నేరుగా లోపలికి వచ్చి మిషన్ ముందు నిలబడింది.

గుండ్రటి అద్దంలో చొక్కా తిరుగుతూ ఉంటే అందరం గుడ్లప్పగించి చూశాం. క్రికెట్ ఆఖరి ఓవర్ కూడా అంత నిశ్శబ్దంగా చూసి ఉండరు. మరక రాకపోతే సాయంత్రం మీటింగులో వాళ్ళ సంగతి ముగిసిపోతుంది, అదీ నేను పెట్టించిన పరీక్షతో. కాసేపటికి గదిలోకి వాసన వచ్చింది. అడుగంటిన అన్నం వాసన. ప్రెసిడెంటు గారి భార్య నా వైపు చూసి తలాడించింది.

మిషన్ ఆగాక చొక్కా తీసి విప్పాను. వీపు మీద అరచేయంత మరక, పసుపూ గోధుమా కలిసిన రంగులో. ఇంకా రెండు మూడు చోట్ల చిన్నవి. గుమ్మం అవతల నిలబడ్డ ఇస్త్రీ ఆయన దాన్నే చూస్తున్నాడు.

"గిది నేను ముట్టలే గద సార్?" అని అడిగాడు. నేను విన్న ఆయన మొదటి మాట అదే.

"ముట్టలే అన్నా" అన్నాను.

"నేను ముట్టలే" అని భార్యతో మళ్ళీ అన్నాడు. అని అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి, సంచీలో ఏదో వెతుకుతున్నట్టు వంగాను.

"సరే, సరే. ఇక మీరు వెళ్ళండి" అన్నారు ప్రెసిడెంటు గారు, అటు చూడకుండా.

సాయంత్రం కింద కార్లు పెట్టే చోట మీటింగు జరిగింది. సాంకేతిక వివరణ ఇవ్వడానికి నన్ను ఉండమన్నారు. సంకటమేమిటో అందరికీ అర్థమైంది. గంజి చొక్కాకు ఎండ కావాలి. ఎండ కావాలంటే తీర్మానం పోవాలి. తీర్మానం నిలవాలంటే గంజి పోవాలి. గంజి లేని ప్రెసిడెంటు గారిని ఆ సభలో ఎవరూ ఊహించుకోలేకపోయారు, ఆయనతో సహా. గంటలకొద్దీ చర్చించి చివరికి ఒక సవరణ చేశారు: గంజి పెట్టిన బట్టలకు మాత్రం బాల్కనీలో మినహాయింపు. ఇస్త్రీవాళ్ళను ఖాళీ చేయించే విషయం వచ్చేసరికి పొద్దుపోయింది. దాన్ని వాయిదా వేస్తున్నట్టు ప్రకటించి లేచారు. రద్దు చేస్తున్నామని గానీ, తప్పు వాళ్ళది కాదని గానీ ఎవరి నోటా రాలేదు.

నేను సెంటరుకు వెళ్ళి, కేసు ముగిసిందని, కస్టమర్ ఎడ్యుకేషన్ జరిగిందని చెప్పాను. మా మేనేజరు చాలా సంతోషించాడు. ఆ మాట మా సెంటరులో నిజమవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆ అపార్ట్‌మెంట్లలో గంజికి వచ్చిన వైభోగం చూడాలి. తువ్వాళ్ళకు గంజి, దుప్పట్లకు గంజి, పిల్లల బడి బట్టలకు గంజి. జీన్సు ప్యాంటుకు గంజి పెట్టిన మహానుభావులున్నారు. ప్రెషర్ కుక్కర్లు అటకెక్కాయి, అన్నం వార్చే గిన్నెలు దిగాయి. అన్నం వండని ఇళ్ళవాళ్ళు పక్కింటికి గిన్నె పంపి గంజి అప్పు తెచ్చుకున్నారు. నిజంగా గంజి పెట్టారా లేదా అని చూడటానికి ఒక తనిఖీ కమిటీ కూడా వేశారు. రైల్వే ఆయన బాల్కనీ బాల్కనీకి వెళ్ళి బట్టలు తడిమి చూసేవారు. మూడో అంతస్తులో ఒకామె, "నా చీర ముట్టుకుంటే బాగుండదు" అని గట్టిగా చెప్పడంతో ఆ కమిటీ రద్దయింది. దండేలు మాత్రం నిలిచాయి. చాలా డ్రయర్లలో ఇప్పుడు ఉల్లిగడ్డలు పోసుకుంటున్నారని విన్నాను.

ఆ రోజుల్లోనే ఇంకో ఇంట్లో వాషింగ్ మిషన్ పని మీద వెళ్ళి బయటికి వస్తుండగా, ప్రెసిడెంటు గారు గేటు దగ్గరికి నడిచి రావడం చూశాను. ముందు గుర్తుపట్టలేదు. ఒంటి మీద చొక్కా నలిగిన అట్టపెట్టెలా ఎక్కడిదక్కడ విరిగి ఉంది. గంజి పెట్టి ఆరేసి, ఇస్త్రీ చేయకుండా తొడిగితే అలాగే ఉంటుంది. మీటింగు జరిగిన మర్నాటి నుంచీ ఇస్త్రీ ఆమె అందరి బట్టలూ తీసుకుంటోంది, ఆయన చొక్కాలు మాత్రం తిప్పి పంపిస్తోంది. ఇంట్లో ఆవిడేమో, "తిట్టింది మీరు, మీరే వెళ్ళి ఇచ్చుకోండి" అందట. ఇంట్లో స్వయంగా ఇస్త్రీ చేయబోయారట కూడా. వేలికి కట్టు ఉంది.

"చొక్కాలు" అన్నారాయన, చేతిలోని బట్టల మడత ముందుకు చాపి.

ఇస్త్రీ ఆయన పని ఆపలేదు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. "మా ఆయన తెల్లంగిలు చేస్తలేడు సార్. గిది ఇస్త్రీ పెట్టె కాదు, పొయ్యి అని మీరే అంటిరి గదా."

"ఆ సంగతి అయిపోయింది కదమ్మా. వాయిదా వేశాం."

"వాయిదా అంటే ఏంది సార్? మళ్ళెప్పుడో తీస్తరనేనా?"

"అదేం కాదు. మీ తప్పేం లేదని అందరికీ తెలుసు."

"ఎవ్వరికి తెలుసు సార్? మీరు తిట్టింది గీ గేటుకాడ. పాలాయన ఇన్నడు, ఆటోలోళ్ళు ఇన్నరు, నా పిల్లలు ఇన్నరు. మీ మీటింగుల మీరు ఏమనుకున్నరో మాకేం ఎరుక? ఏడ అన్నరో ఆడనే చెప్పున్రి."

ఆయన అటూ ఇటూ చూశారు. ఆటోల దగ్గర డ్రైవర్లు మాటలు ఆపేశారు. పైన బాల్కనీల్లో బట్టలు తీస్తున్నవాళ్ళు చేతులు అలాగే ఆపి వంగి చూస్తున్నారు. ఆయన తన చేతిలోని చొక్కాలకు చెప్పినట్టుగా, "తప్పు మీది కాదు" అన్నారు.

"నాకు ఇనవడ్డది సార్. ఆయనకు ఇనవడలె. మీదున్నోళ్ళకు అసలే ఇనవడలె. తిట్టినప్పుడు ఎంత గట్టిగ తిట్టిన్రో గంత గట్టిగ చెప్పున్రి."

కోపంతో వెనక్కి తిరిగి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకప్పుడు షిఫ్టు మారే వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర వందలమంది ముందు మాట్లాడిన గొంతు అది.

"చొక్కాలు కాల్చింది ఇతను కాదు" అన్నారు, పై అంతస్తులకు వినపడేలా. "మా ఇంట్లో మిషన్ కాల్చింది." అక్కడితో ఆపవచ్చు. ఆమె అడిగింది అంతే. ఆయన ఆపలేదు. "ఆ మిషన్లో వేసే పరిస్థితి తెచ్చింది నేను. అనవసరంగా ఇతన్ని నలుగురిలో మాటలన్నాను. తప్పు నాది."

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టాడు. తలెత్తి, రెండు చేతులూ లుంగీకి తుడుచుకుని, ఆ చొక్కాలు అందుకున్నాడు. పైది బల్ల మీద పరిచి, అరచేత్తో కాలరు దగ్గర సవరించాడు.

"పొద్దూకినంక అయితయి సార్" అంది ఆమె. "ఎవ్వర్ని పంపియ్యకున్రి. మీరే వచ్చి పట్టుకపోన్రి."

ఆయన తలూపి, ఎన్ని గంటలకు రావాలో అడిగారు.